పోస్ట్‌డాక్ వెతుకులాట: ప్రకటన కన్నా ముందు డబ్బు జాడ

పీహెచ్‌డీ ముగింపుకొస్తుండగా పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు చేసే పరిశోధన ఉద్యోగం) వెతుకులాట చాలామందికి ఏదో ఒక యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోని ఉద్యోగాల పేజీ దగ్గర మొదలవుతుంది. తమ సబ్జెక్టుకు దగ్గరగా రెండు మూడు ప్రకటనలు దొరుకుతాయి. ఒకదానికి గడువు మొన్ననే అయిపోయి ఉంటుంది. ఇంకోదానిలో అడిగిన అర్హతలు ఎవరో ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసినట్టుంటాయి. మూడోది బాగానే ఉందనుకుంటే, చివర్లో ‘నిధుల లభ్యతను బట్టి’ అని ఒక ముక్క తగిలించి ఉంటుంది. నెల రోజులు ఇలా చూశాక అసలు అవకాశాలే లేవనిపించి టెన్షన్ మొదలవుతుంది.

అవకాశాలు ఉంటాయి, ఆ పేజీకి ఎక్కేవి తక్కువ. ఎక్కినవి కూడా ఆలస్యంగా ఎక్కుతాయి. ఒక పోస్టు ప్రకటనగా మారేసరికి దాని వెనక డబ్బు మంజూరై ఉంటుంది, ఆ డబ్బు ఎవరి పేరు మీద ఖర్చవాలో తేలి ఉంటుంది, ఎవరిని తీసుకుంటే బాగుంటుందో కూడా కొన్నిసార్లు ఒకరి మనసులో పడిపోయి ఉంటుంది. కాబట్టి ప్రకటనల వెంట పడే ముందు ఆ డబ్బు ఎటు నుంచి వస్తుందో, ఏ నెలలో వస్తుందో, ఎవరి చేతి మీదుగా వస్తుందో తెలుసుకోవడం మేలు.

ఒకే పేరు, మూడు జేబులు

పోస్ట్‌డాక్ ఫెలోషిప్ అని పిలిచేవన్నీ ఒకే రకం కావు. మొదటి రకంలో డబ్బు ప్రొఫెసర్‌ది. వాళ్లు ఒక ప్రాజెక్టు రాసి గ్రాంట్ తెచ్చుకుంటారు. అందులో ఒకరిద్దరు పోస్ట్‌డాక్‌ల జీతం ముందే లెక్కేసి ఉంటుంది. చేయాల్సిన పని దాదాపు ఖరారై ఉంటుంది కనుక, ఆ పనికి తాను సరిపోతానని చూపించడమే అభ్యర్థి వంతు. రెండో రకంలో డబ్బు బయటి సంస్థది. అభ్యర్థి సొంతంగా ప్రపోజల్ రాసి, పోటీలో నెగ్గి, ఆ డబ్బుతో సహా యూనివర్సిటీలో అడుగుపెడతారు. యూరోపియన్ యూనియన్ నడిపే మేరీ స్క్లొడోవ్‌స్కా-క్యూరీ ఫెలోషిప్‌లు, జర్మనీలో హంబోల్ట్ ఫౌండేషన్ ఇచ్చేవి, జీవశాస్త్రాల్లో ఎంబో (యూరప్‌లోని మాలిక్యులర్ బయాలజీ సంస్థ), హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రామ్ ఇచ్చేవి ఈ కోవలోవి. మూడో రకంలో డబ్బు యూనివర్సిటీ సొంత నిధి. 1933లో మొదలైన హార్వర్డ్ సొసైటీ ఆఫ్ ఫెలోస్, బర్క్లీలోని మిల్లర్ ఇన్‌స్టిట్యూట్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ కాలేజీలు ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌లు ఇలాంటివి.

ఈ తేడా తెలియకపోతే వెతుకులాట తప్పు తలుపు దగ్గర ఆగిపోతుంది. ఉదాహరణకు హార్వర్డ్ సొసైటీకి గానీ మిల్లర్ ఇన్‌స్టిట్యూట్‌కి గానీ అభ్యర్థి నేరుగా దరఖాస్తు పెట్టుకోలేరు. వేరే ఎవరో నామినేట్ చేయాలి. అప్లికేషన్ ఫారం కోసం ఎంత గాలించినా మొదటి మెట్టుకి పనికొచ్చే ఫారం దొరకదు. ఆ మాట ఎత్తాల్సింది పీహెచ్‌డీ గైడ్ దగ్గర, అదీ నామినేషన్ గడువుకి కొన్ని నెలల ముందు. జపాన్‌లో జేఎస్‌పీఎస్ అనే పరిశోధన ప్రోత్సాహక సంస్థ ఇచ్చే ఫెలోషిప్‌లో సాధారణ దారి ఏమిటంటే, అక్కడి హోస్ట్ ప్రొఫెసరే, అంటే తన దగ్గర చోటిచ్చే ప్రొఫెసరే, తన సంస్థ ద్వారా దరఖాస్తు పంపాలి. బ్రిటన్‌లో లెవర్‌హల్మ్ ట్రస్ట్ ఇచ్చే ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ ఈ రకాల మధ్య ఎక్కడో ఉంటుంది. మూడేళ్ల జీతంలో సగం దాకా ట్రస్ట్ భరిస్తే, మిగతాది యూనివర్సిటీ పెట్టుకోవాలి. సగం డబ్బు తనదైనప్పుడు ఏ యూనివర్సిటీ అయినా అడిగినవాళ్లందరికీ సంతకం పెట్టదు కదా. అందుకే ట్రస్ట్ గడువు కన్నా చాలా ముందే లోపల ఒక వడపోత నడుస్తుంది. ట్రస్ట్ వెబ్‌సైట్‌లో ఉన్న తేదీని మాత్రమే కేలండర్‌లో రాసుకున్నవాళ్లు పోటీ మొదలుకాక ముందే బయటికి వచ్చేస్తారు.

మేరీ క్యూరీ ఫెలోషిప్‌ల విషయంలోనూ ఇంతే. అధికారిక గడువు మామూలుగా సెప్టెంబర్‌లో పడుతుంది. యూరప్ యూనివర్సిటీలు చాలావరకు అంతకుముందే, వసంతకాలంలోనో వేసవి మొదట్లోనో, ‘ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ ఇంట్రస్ట్’ పేరుతో పిలుపు ఇస్తాయి. హోస్ట్‌లుగా ఉండడానికి సిద్ధంగా ఉన్న ప్రొఫెసర్ల పేర్లు, వాళ్ల అంశాలు అందులో ఉంటాయి. ఒక పేజీ ఆలోచన, సీవీ పంపితే చాలు. ఎంపికైతే ప్రపోజల్ రాయడానికి యూనివర్సిటీ రీసెర్చ్ ఆఫీస్ సాయం కూడా దొరుకుతుంది. ఈ పిలుపులు మామూలు ఉద్యోగాల పేజీలో ఉండకపోవచ్చు. రీసెర్చ్ ఆఫీస్ పేజీలోనో, యూరాక్సెస్ పోర్టల్‌లోని హోస్టింగ్ విభాగంలోనో వెతకాలి.

గ్రాంట్ జాబితాలే అసలు ఉద్యోగాల పేజీ

మొదటి రకం పోస్టుల్ని, అంటే ప్రొఫెసర్ గ్రాంట్ మీద నడిచేవాటిని, ప్రకటన రాకముందే పసిగట్టవచ్చు. ప్రజల డబ్బుతో నడిచే పెద్ద గ్రాంట్ సంస్థలు ఎవరికి, ఎంత, దేనికి ఇచ్చాయో బహిరంగంగా పెడతాయి. అమెరికాలో వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ఎన్ఐహెచ్ గ్రాంట్ల కోసం రిపోర్టర్ అనే డేటాబేస్, తక్కిన సైన్సులకు డబ్బిచ్చే ఎన్ఎస్ఎఫ్‌కి అవార్డ్ సెర్చ్, యూరోపియన్ యూనియన్ ప్రాజెక్టులకు కోర్డిస్, బ్రిటన్‌కి గేట్‌వే టు రీసెర్చ్, జర్మనీకి గెప్రిస్ ఉన్నాయి. తన అంశానికి సంబంధించిన మాటలు కొట్టి, మొదలైన తేదీ ప్రకారం వరుస పెట్టి చూస్తే గత ఆరు నెలల్లో ఎవరికి కొత్తగా డబ్బు వచ్చిందో కనిపిస్తుంది. నాలుగేళ్లో ఐదేళ్లో నడిచే గ్రాంట్ మూడు నెలల కింద మొదలైందంటే, ఆ ల్యాబ్‌కి మనుషులు అవసరమయ్యే కాలం ఇదే. అదే గ్రాంట్ ఇంకో ఏడాదిలో ముగుస్తుంటే ఎంత మంచి ల్యాబ్ అయినా ‘ఇప్పుడు కుదరదు’ అనే జవాబే ఎక్కువగా వస్తుంది.

యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ ఫలితాలు వచ్చే రోజులు ఈ లెక్కలో చాలా విలువైనవి. ఆ కౌన్సిల్ స్టార్టింగ్ గ్రాంట్ ఐదేళ్లకు 15 లక్షల యూరోల దాకా ఉంటుంది, కన్సాలిడేటర్ గ్రాంట్ 20 లక్షల దాకా. అంత డబ్బు ఒక్క చేతితో ఖర్చయ్యేది కాదు. గెలిచినవాళ్లలో చాలామంది వెంటనే బృందాన్ని పోగుచేసుకోవడంలో పడతారు. గెలిచినవాళ్ల జాబితాను కౌన్సిలే విడుదల చేస్తుంది. పత్రికలకు అది ఒకరోజు వార్త. పోస్ట్‌డాక్ వెతికేవాళ్లకు మాత్రం రాబోయే నెలల్లో ఎక్కడెక్కడ ఖాళీలు పుట్టబోతున్నాయో చెప్పే పట్టిక. కొత్తగా అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవాళ్ల పేజీలూ ఇలాగే చూడాలి. చేరేటప్పుడు యూనివర్సిటీ ఇచ్చే స్టార్టప్ నిధి వాళ్ల దగ్గర ఉంటుంది, పేరు ఇంకా పెద్దగా పాకి ఉండదు కాబట్టి మెయిళ్ల తాకిడి తక్కువ.

ఇంకో చిన్న పద్ధతి ఉంది, ఎందుకో తక్కువమంది వాడతారు. నచ్చిన ల్యాబ్ నుంచి వచ్చిన నాలుగైదు పేపర్లు తీసుకుని, ఫలితాలు వదిలేసి, చివర ఉండే కృతజ్ఞతల పేరా చదవాలి. మొదటి రచయితకు ఏ ఫెలోషిప్ డబ్బు ఇచ్చిందో అక్కడ రాసి ఉంటుంది. ఆ ల్యాబ్‌లో వరుసగా ముగ్గురు పోస్ట్‌డాక్‌లు ఎంబో మీదో హంబోల్ట్ మీదో వచ్చారంటే రెండు విషయాలు తెలిసినట్టే: ఆ ప్రొఫెసర్ సొంత డబ్బుతో మనుషుల్ని తీసుకోవడం తక్కువ, ఫెలోషిప్ ప్రపోజల్ ఎలా రాయించాలో మాత్రం బాగా తెలుసు. అలాంటివాళ్లకు ‘ఖాళీ ఉందా’ అని రాయడం కన్నా ‘ఫలానా ఫెలోషిప్‌కి హోస్ట్‌గా ఉంటారా’ అని రాయడం సరైన ప్రశ్న.

మెయిల్‌లో ఏముండాలి

ప్రొఫెసర్ల ఇన్‌బాక్స్‌లో ఎక్కువగా పడే మెయిల్ ఇలా ఉంటుంది: ‘గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, మీ పరిశోధన అంటే నాకు ఎంతో ఆసక్తి. నేను కష్టపడి పనిచేసే స్వభావం గలవాడిని. మీ విఖ్యాత ల్యాబ్‌లో ఖాళీలుంటే దయచేసి తెలియజేయగలరు. సీవీ జతచేశాను.’ ఇందులో ఎక్కడా తప్పు లేదు, మర్యాదకూ లోటు లేదు. అయినా పేరు మార్చి ఇంకో వందమందికి పంపినా ఒక్క అక్షరం మార్చాల్సిన అవసరం లేని మెయిల్ ఇది. చదివేవాళ్లకు ఆ సంగతి మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

దీని పక్కన ఇంకోటి పెట్టి చూద్దాం: ‘మీ బృందం కిందటేడు వేసిన పేపర్‌లో మొక్కల వేళ్ల చుట్టూ ఉండే బ్యాక్టీరియా నమూనాలను ఒకే లోతు నుంచి తీశారు. నా థీసిస్‌లో మూడు లోతుల నుంచి తీసి చూస్తే జాతుల కలయిక లోతుతో పాటు బాగా మారింది. మీ పొలాల్లోనూ అలాగే ఉంటే మీ రెండో ఫలితాన్ని వేరేలా చదవాల్సి రావచ్చు. దీని మీద మేరీ క్యూరీకి ప్రపోజల్ రాయాలని ఉంది. నా వైవా జూన్‌లో. మీరు హోస్ట్‌గా ఉండే వీలుంటే పావుగంట మాట్లాడగలరా? నా పేపర్, రెండు పేజీల సీవీ జతచేశాను.’ ఆరేడు వాక్యాలే. కానీ చదివినవాళ్లు తేల్చుకోవాల్సినవన్నీ అందులో ఉన్నాయి: ఈ మనిషికి ఏం వచ్చు, ఇక్కడికొచ్చి ఏం చేస్తారు, ఎప్పుడు రాగలరు, డబ్బు ఎవరిది. ఆ చివరిదే ముఖ్యం. ఇన్‌బాక్స్‌లో ఉన్న తక్కిన మెయిళ్లు డబ్బు అడుగుతుంటే, ఇది సంతకమూ సమయమూ అడుగుతోంది.

జవాబు రాకపోతే పది రోజులు, రెండు వారాలు ఆగి అదే మెయిల్ కింద రెండు లైన్లు రాయడం తప్పేమీ కాదు. మూడోసారి మాత్రం వద్దు. ఒకే డిపార్ట్‌మెంట్‌లో నలుగురికి ఒకేరోజు రాస్తే వాళ్లు మధ్యాహ్నం భోజనం దగ్గర మాట్లాడుకుంటారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ప్రకటన వెలువడ్డాక కూడా ఈ మెయిల్‌కి పని ఉంటుంది. ‘అనధికారికంగా సంప్రదించవచ్చు’ అని ప్రకటన కింద ఒక పేరు కనిపిస్తే దాన్ని మర్యాదకి రాసిన మాట అనుకోకూడదు. పని నిజంగా ఏమిటి, లోపల ఇప్పటికే ఎవరైనా ఉన్నారా, రెండో ఏడాదికి డబ్బు ఖాయమేనా లాంటివి దరఖాస్తుకి ముందే అడగడానికి ఉన్న దారి అది.

పట్టా తేదీ మీద తిరిగే గడియారం

ఫెలోషిప్‌లకు అర్హత ఎక్కువగా వయసు మీద నడవదు, పీహెచ్‌డీ అయిన తేదీ మీద నడుస్తుంది. ఎంబోకి పీహెచ్‌డీ తర్వాత రెండేళ్ల లోపే దరఖాస్తు పెట్టాలి. హంబోల్ట్ పోస్ట్‌డాక్ విభాగానికి నాలుగేళ్లు. జేఎస్‌పీఎస్‌లో ఆరేళ్లు. మేరీ క్యూరీలో పీహెచ్‌డీ తర్వాత పరిశోధనలో గడిపిన కాలం ఎనిమిదేళ్లు దాటకూడదన్న లెక్క నడుస్తూ వచ్చింది. అమెరికాలో ఎన్ఐహెచ్ ఇచ్చే కే99 అవార్డుకి పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లు మించకూడదు. దాని ప్రత్యేకత, అమెరికా పౌరులు కానివాళ్లూ పెట్టుకోవచ్చు. అదే సంస్థ ఇచ్చే ఎఫ్32 పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి పౌరసత్వమో శాశ్వత నివాసమో తప్పనిసరి. ఈ అంకెల్ని సంస్థలు అప్పుడప్పుడూ మారుస్తుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే ఏడాది నిబంధనల పుస్తకమే చూడాలి. పాత వీడియోలు నమ్ముకుంటే కష్టం.

అన్నిటికన్నా ముందు వరుస తేల్చుకోవాలి. తక్కువ గడువున్నవాటికి ముందు, ఎక్కువ గడువున్నవాటికి తర్వాత. ఎనిమిదేళ్లు ఉన్నదానికి ముందు తొందరపడి, రెండేళ్లు ఉన్నదాన్ని పోగొట్టుకున్నాక ఎవరూ ఏమీ చేయలేరు. థీసిస్ ఇచ్చిన రోజు, వైవా (థీసిస్ మీద మౌఖిక పరీక్ష) రోజు, పట్టా చేతికొచ్చిన రోజు ఒకటి కావు. మధ్యలో ఏడాది తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు. ఏ తేదీని లెక్కలోకి తీసుకుంటారో ఒక్కో సంస్థ ఒక్కోలా చెబుతుంది. ప్రసూతి సెలవు, దీర్ఘకాలిక అనారోగ్యం లాంటివాటికి చాలా సంస్థలు గడువు పొడిగిస్తాయి, అయితే దానంతటది జరగదు; అడిగి, కాగితం చూపించాలి.

దేశం మారాలనే నిబంధన కూడా ఉంటుంది. మేరీ క్యూరీలో గడువు తేదీకి ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి హోస్ట్ దేశంలో నివసించి ఉండకూడదు. పీహెచ్‌డీ చేసిన దేశంలోనే పోస్ట్‌డాక్ చేద్దామనుకునేవాళ్లకు ఈ తలుపు దాదాపు మూసుకున్నట్టే. ఎంబో కూడా దేశం మారమనే అంటుంది. హ్యూమన్ ఫ్రాంటియర్ ఇంకో అడుగు ముందుకేసి అంశమే మార్చమంటుంది: పీహెచ్‌డీలో చేసిన పనికే కొనసాగింపు రాస్తే అక్కడ నెగ్గదు. థీసిస్‌లో నేర్చిన మెళకువతో కొత్త ప్రశ్నలోకి వెళ్లేవాళ్లకు అది బాగా సరిపోతుంది. మూడేళ్ల డబ్బు.

రంగాన్ని బట్టి వెతికే చోటు

అన్ని రంగాలకూ కలిపి ఒకే వెబ్‌సైట్ ఉంటుందనుకుంటే పొరపాటు. గణితంలో మ్యాథ్‌జాబ్స్ చూడకుండా వెతికినా వెతకనట్టే. ఖగోళశాస్త్రంలో అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ జాబ్ రిజిస్టర్, హై ఎనర్జీ ఫిజిక్స్‌లో ఇన్‌స్పైర్, హ్యుమానిటీస్‌లో హెచ్-నెట్. బ్రిటన్ వరకు జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకే, యూరప్ మొత్తానికి యూరాక్సెస్. గణితం, ఖగోళశాస్త్రాల్లో ఎక్కువ గడువులు అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య పడతాయి, చేరేది మరుసటి ఏడాది ఆగస్టు, సెప్టెంబర్‌లలో. ప్రయోగశాలల్లో సాగే జీవశాస్త్రానికి అలాంటి సీజన్ లేదు, గ్రాంట్ ఎప్పుడొస్తే అప్పుడే. హ్యుమానిటీస్‌లో ఒక్క ఫెలోషిప్‌కి వందల దరఖాస్తులు రావడం మామూలు. అక్కడ హోస్ట్ దన్ను కన్నా ప్రాజెక్టు వివరణే ఎక్కువ మోస్తుంది. వేరే రంగంవాళ్లు కూడా ఉండే కమిటీకి మొదటి పేరాలోనే విషయం అందాలి.

పోటీ ఎంతో చెప్పడానికి మేరీ క్యూరీ లెక్క ఒకటి చాలు. 2024లో 10 వేలు దాటిన దరఖాస్తులు 2025లో 17 వేలు దాటాయి. నిధులు ఆ వేగంతో పెరగవు. మంచి ప్రపోజల్ కూడా ఓడిపోయే పరిస్థితి కాబట్టి ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవడం తెలివైన పని కాదు. అందులో ఇంకో చిక్కు ఉంది: ఒక హద్దు కన్నా తక్కువ మార్కులు వస్తే అదే హోస్ట్ సంస్థతో మరుసటి ఏడాది మళ్లీ పెట్టుకునే వీల్లేదు. సరదాగా ఒకసారి వేసి చూద్దాం అనుకునేవాళ్లకు ఇది దెబ్బ. మరోవైపు 85 శాతం దాటీ డబ్బు రానివాళ్లకు ‘సీల్ ఆఫ్ ఎక్సలెన్స్’ అనే గుర్తింపు ఇస్తారు. ఆ ముద్ర ఉన్న ప్రపోజల్‌కి సొంత నిధులతో డబ్బు ఇచ్చే దేశాలు, సంస్థలు కొన్ని ఉన్నాయి. ఓడిన ఉత్తరం వచ్చిన రోజున మార్కులు చూడకుండా మెయిల్ మూసేయకూడదన్నమాట.

చేతికొచ్చిన కాగితంలో చూడాల్సినవి

డబ్బు జేబు మారితే హోదా కూడా మారుతుంది. ప్రొఫెసర్ గ్రాంట్ మీద చేరినవాళ్లు చాలాచోట్ల యూనివర్సిటీ ఉద్యోగులు. జీతం, పెన్షన్, ఆరోగ్య బీమా, సెలవులు ఉంటాయి. సొంత ఫెలోషిప్ గెలిచినవాళ్లకు ఒక్కోసారి వచ్చేది జీతం కాదు, స్టైపెండ్. ఎన్ఐహెచ్ శిక్షణ ఫెలోషిప్‌లలో ఇచ్చేదాన్ని ఆ సంస్థే జీతంగా చూడదు. అలాంటిచోట పెన్షన్ ఖాతా ఆగిపోవచ్చు, బీమా పద్ధతి మారవచ్చు, పన్ను సొంతంగా కట్టుకోవాల్సి రావచ్చు. పోటీలో నెగ్గినవాళ్లకు నెగ్గనివాళ్ల కన్నా సౌకర్యాలు తగ్గడం విడ్డూరమే, కానీ ఉన్న పద్ధతి అది. కొన్ని యూనివర్సిటీలు ఆ తేడాను తామే పూడుస్తాయి. ఒప్పుకునే ముందు హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడిగి, జవాబు మెయిల్‌లోనే తీసుకోవాలి. ఆఫర్ ఇవ్వడానికో ప్రాసెసింగ్‌కో ముందుగా డబ్బు కట్టమనే ‘ప్రొఫెసర్’ ఎవరైనా తగిలితే అక్కడితో ఆపేయాలి.

ఇక చాలామందిని ఇబ్బంది పెట్టేది తేదీల మధ్య ఎడం. సెప్టెంబర్‌లో వేసిన మేరీ క్యూరీ ఫలితం మామూలుగా ఫిబ్రవరి ప్రాంతంలో వస్తుంది. ఈలోగా అదే హోస్ట్ తన గ్రాంట్ మీద జనవరిలో చేరమంటే? చేరవచ్చు. నివాస నిబంధనను గడువు తేదీ నాటికే లెక్కేస్తారు కనుక, ఆ తర్వాత దేశం మారినా అర్హత పోదు. ఫలితం అనుకూలంగా వస్తే జీతం ఆ డబ్బులోంచి మొదలవుతుంది, ప్రొఫెసర్ గ్రాంట్‌లో ఆ మేరకు మిగిలి ఇంకొకరిని తీసుకునే వీలు కలుగుతుంది. అందుకే ఈ ఏర్పాటుకి కాదనే హోస్ట్‌లు తక్కువ. వేరే యూనివర్సిటీ నుంచి ఆఫర్ వచ్చి, వారంలో తేల్చమంటే మాత్రం కథ వేరు. ఖగోళశాస్త్రంలో ఫిబ్రవరి 15 లోపు ఎవరినీ జవాబుకి ఒత్తిడి చేయకూడదని అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ పెట్టిన పద్ధతి ఉంది. చాలా రంగాల్లో అలాంటి రక్షణ లేదు. అక్కడ ఫలానా ఫలితం ఫలానా తేదీన వస్తుందని దాచకుండా చెప్పి, అప్పటిదాకా గడువు అడగాలి. సొంత డబ్బుతో వచ్చే అవకాశం ఉన్న మనిషి కోసం మూడు వారాలు ఆగడానికి చాలామంది ప్రొఫెసర్లు ఒప్పుకుంటారు.